పాత పాయింట్ టూ టూ మిలిటరీ రైఫిల్‌ని బట్ నుంచి మూతి దాకా పరిశీలించడం ఎలా

ఎన్‌సీసీలో చేసినవాళ్లకి ఆ బరువు గుర్తుండే ఉంటుంది. పేరుకి పాయింట్ టూ టూ, రౌండ్ (తూటా) చూస్తే చిటికెన వేలిలో సగం ఉండదు, రైఫిల్ మాత్రం దాదాపు నాలుగు కిలోలు, క్యాంపులో పొద్దున్నే దాన్ని భుజాన వేసుకుని రేంజ్ దాకా నడిచేసరికి కాలర్ ఎముక దగ్గర ఎర్రగా కమిలిపోయేది. ఇంత చిన్న రౌండ్‌కి అంత ఇనుము, అంత కర్ర ఎందుకని ఉస్తాద్‌ని (శిక్షణ ఇచ్చే హవల్దార్‌ని) అడిగితే హిందీలో ఓ కసురు కసిరి లైన్లోకి పంపించాడు. జవాబు చాలా ఏళ్ల తర్వాత, బోల్ట్ (బ్యారెల్‌ని వెనక నుంచి మూసే కదిలే భాగం) బయటికి తీసి తీరిగ్గా చూసినప్పుడు దొరికింది.

అది నిజానికి చిన్న రైఫిల్ కాదు, యుద్ధానికి చేసిన త్రీ నాట్ త్రీ. మన పోలీస్ స్టేషన్లలో సెంట్రీ భుజాన చాలా ఏళ్లు కనిపించిన లీ ఎన్‌ఫీల్డే. దానికి బ్యారెల్, బోల్ట్ తల మార్చి చిన్న రౌండ్ పేల్చేలా చేశారు, మిగతా ఒళ్లంతా పాతదే. అందుకని దీన్ని పరిశీలించేటప్పుడు ప్రతి భాగం దగ్గరా ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది యుద్ధం కోసం పెట్టిందా, గురి కోసం పెట్టిందా? ఆ ప్రశ్న పట్టుకుంటే ఏ పార్ట్ ఎందుకలా ఉందో దానంతటదే తెలుస్తుంది. నేను ఇక్కడ ముఖ్యంగా చెప్పేది నంబర్ 2 మార్క్ 4 గురించి, దాని స్టార్ రకం గురించి. చివర్లో 1950 ప్రాంతంలో వచ్చిన నంబర్ 8తో పోల్చి చూపిస్తాను.

ముందు కాస్త చరిత్ర, ఎక్కువ చెప్పను. 1899-1902 బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికా రైతులు దూరం నుంచి గురి చూసి కొడుతుంటే బ్రిటిష్ సైన్యానికి తన సిపాయిల గురి ఎంత అధ్వాన్నంగా ఉందో తెలిసొచ్చింది. ఇంగ్లండ్‌లో ఊరూరా చిన్న బోర్ రైఫిల్ క్లబ్బులు పెట్టాలని లార్డ్ రాబర్ట్స్ లాంటి వాళ్లు పట్టుబట్టారు, 1901లో వాటికో సంఘం కూడా వచ్చింది. త్రీ నాట్ త్రీ రౌండ్ ఖరీదెక్కువ, పెద్ద రేంజ్ కావాలి, భుజం మీద గట్టిగా తంతుంది. పాయింట్ టూ టూ అయితే చవక, పాతిక గజాల స్థలం చాలు. అలాగని క్లబ్బుల్లో వాడే తేలికపాటి రైఫిల్ సిపాయి చేతికిస్తే, అది అలవాటై అసలు రైఫిల్ పట్టుకున్నప్పుడు చెయ్యి తడబడుతుంది. కాబట్టి బరువు, పొడవు, బోల్ట్, ట్రిగ్గర్ అన్నీ అసలుదానిలాగే ఉండి పేలేది మాత్రం చిన్న రౌండ్ కావాలి. ఈ ఆలోచనతోనే 1907 నుంచి పాత రైఫిళ్లని మారుస్తూ వచ్చారు, 1921లో మార్క్ 4 ఖాయమైంది, 1926లో పేర్ల పద్ధతి మారినప్పుడు దానికి నంబర్ 2 అని వచ్చింది.

మొదటి పని: ఖాళీగా ఉందో లేదో చూడటం

ఇది ఉపోద్ఘాతం కాదు, ఈ రైఫిల్ విషయంలో ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన పని. సేఫ్టీ లివర్ ఎడమ పక్క వెనకాల ఉంటుంది, వెనక్కి ఉంటే సేఫ్, ముందుకి ఉంటే ఫైర్. సేఫ్‌లో ఉంటే బోల్ట్ కూడా బిగుసుకునే ఉంటుంది కాబట్టి తెరవాలంటే ముందుకి తోయక తప్పదు. అంటే సరిగ్గా ఆ క్షణంలో మూతి ఎటు ఉంది, మీ వేలు ఎక్కడ ఉంది అన్నది చాలా ముఖ్యం.

బోల్ట్ వెనక్కి లాగాక పెద్ద రైఫిల్‌లో అయితే చాంబర్‌లో (రౌండ్ కూర్చునే చోట) చిటికెన వేలు పెట్టి చూస్తారు. ఇందులో వేలు పట్టదు, కన్నం ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. టార్చ్ వేసి చూడండి, లేదా సన్నటి చెక్కపుల్ల దూర్చండి. తర్వాత మ్యాగజైన్ పెట్టెలోకి చూడండి. పేలిన ఖాళీ కేసులన్నీ (రౌండ్ల ఇత్తడి గుల్లలు) అందులోనే పడతాయి (ఎందుకో కిందకి వెళ్తే తెలుస్తుంది), వాటి మధ్య పేలకుండా బయటికొచ్చిన రౌండ్ ఒకటి ఉండిపోవచ్చు. పెట్టె ఊడదీసి, తిరగేసి గుడ్డ మీద గుమ్మరించి లెక్కపెట్టడమే సరైన పద్ధతి.

ఇంకో మాట. తాతగారి అటక మీద దొరికిందనో, పాతది కదా పనిచేయదనో ఇంట్లో ఉంచుకోకూడదు. పాయింట్ టూ టూ అయినా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే, 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్ మీద రెండుకి మించి ఉంచుకోవడానికి వీల్లేదు. లైసెన్స్ లేని తుపాకీ కనపడితే ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పి అప్పగించాలి, పరిశీలన సంగతి ఆ తర్వాత.

రెండో పని: ఇది అసలు ఏ రైఫిలో తేల్చుకోవడం

బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) చెక్క, ఇనుము కలిసే చోట మెడలాంటి ఇనుప సాకెట్ ఉంటుంది. దాని కుడి పక్కన ముద్రలుంటాయి. కిరీటం, రాజు అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మార్క్. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది అయితే ఇషాపూర్ అనో, ఆర్.ఎఫ్.ఐ అనో ఉంటుంది, స్వాతంత్ర్యానికి ముందుదైతే కిరీటం కింద జి.ఆర్.ఐ లాంటి రాజు అక్షరాలు కనిపిస్తాయి, తర్వాతివాటి మీద కిరీటం పోయి మన సింహాలు వచ్చాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ సంవత్సరం రైఫిల్ పుట్టిన సంవత్సరం కావచ్చు, దాన్ని పాయింట్ టూ టూగా మార్చింది పదిహేనేళ్ల తర్వాత అయ్యుండొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ముద్ర ఉన్నంత మాత్రాన ఆ చిన్న బ్యారెల్ కూడా అప్పటిదే అనుకోవద్దు.

ఇంకో తికమక కూడా ఉంది. పోలీసుల కోసం, కాపలావాళ్ల కోసం ఇషాపూర్ వాళ్లు ఇలాంటి ఒంటినే ఫోర్ టెన్ మస్కట్‌గా కూడా మార్చారు. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బోల్ట్ తీసి బ్యారెల్‌లోంచి వెలుగు చూడండి. ఫోర్ టెన్‌ది పెద్ద కన్నం, లోపలంతా నున్నగా ఉంటుంది. టూ టూది పెన్సిల్ కంటే సన్నం, గోడల మీద మెలికలు తిరిగిన గాళ్లు (గాడులు) కనిపిస్తాయి.

మూడో పని: బ్యారెల్

బయట కొలతలన్నీ త్రీ నాట్ త్రీవే, పొడవు సుమారు 25 అంగుళాలు, బయటి మందమూ అదే. లోపలి కన్నం మాత్రం 7.7 మిల్లీమీటర్ల బదులు 5.6. మధ్యలో మిగిలిందంతా ఇనుమే, బరువులో కొంత అక్కడే ఉంది. ఆ మందం గురికి మేలే చేసింది, కానీ ఎవరూ గురి కోసం పెట్టింది కాదు, బయటి కొలత మారకూడదు కాబట్టి అలా మిగిలిపోయింది.

మార్క్ 4కి, మార్క్ 4 స్టార్‌కి తేడా ఇక్కడే ఉంది. మార్క్ 4లో బ్యారెల్ మొదటి నుంచీ టూ టూ కోసమే ఒకే కడ్డీలోంచి చేసింది. స్టార్‌లో అరిగిపోయిన త్రీ నాట్ త్రీ బ్యారెల్‌ని లోపల పెద్దగా తొలిచి, అందులో గాళ్లున్న సన్నటి గొట్టం బిగించారు. పారేయాల్సిన బ్యారెల్‌కి రెండో జన్మ అన్నమాట. మూతి దగ్గర వెలుతురులో జాగ్రత్తగా చూస్తే కన్నం చుట్టూ ఉంగరం లాంటి సన్నని గీత కనిపించవచ్చు, అది అతుకు.

గాళ్ల మెలిక టూ టూకి మామూలుగా 16 అంగుళాలకి ఒక చుట్టు. బులెట్ బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు, అచ్చంగా సీసం, మూతి వదిలేటప్పుడు మామూలు రకం వేగం సెకనుకి 330 మీటర్ల లోపే, ధ్వని వేగానికి కాస్త తక్కువ. త్రీ నాట్ త్రీ బులెట్ 11 గ్రాముల పైన, వేగం దీనికి రెట్టింపు దాటుతుంది. ఇంత చిన్న రౌండ్‌లోని మందు 25 అంగుళాల బ్యారెల్ చివరికి వచ్చేసరికి ఎప్పుడో కాలిపోయి ఉంటుంది, అందుకే ఈ రైఫిల్ చప్పుడు టపాకాయంత కూడా ఉండదు. కాలేజీ వెనక గోడ పక్కన రేంజ్ పెట్టుకోగలిగారంటే అందుకే. అలాగని బొమ్మ తుపాకీ అనుకోవద్దు, గాలిలోకి ఎత్తి వదిలితే కిలోమీటరు దాటి పోతుంది, వెనక మట్టికట్ట లేకుండా ఎవరూ కాల్చకూడదు.

పరిశీలించేటప్పుడు మూతి అంచుని ప్రత్యేకంగా చూడండి. పాత ట్రైనింగ్ రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ అరిగేది కాల్చడం వల్ల కాదు, తుడవడం వల్ల. పుల్ త్రూ తాడుని (బ్యారెల్ తుడిచే తాడుని) కేడెట్లు ఇష్టమొచ్చినట్టు పక్కకి లాగుతుంటే, ఆ తాడుకి పట్టిన ఇసుక బావిగట్టు మీద చేదతాడులా ఒకే చోట ఒరుసుకుని మూతి అంచు కోలగా అరిగిపోతుంది. అప్పుడు బులెట్ వదిలేటప్పుడు వెనక గ్యాస్ ఒక పక్క ముందుగా తప్పించుకుని బులెట్‌ని పక్కకి తోస్తుంది. చిందీ (గుడ్డపీలిక) వేసి లాగేటప్పుడు తాడు బ్యారెల్‌కి తిన్నగా ఉండాలని ఉస్తాద్‌లు అరిచేది ఊరికే కాదు.

నాలుగో పని: బోల్ట్ తల

మార్పులో అసలు తెలివంతా ఇక్కడుంది. బోల్ట్ వెనక్కి లాగి, దాని తలని బొటనవేలితో గాడిలోంచి పైకి తిప్పితే మొత్తం బోల్ట్ బయటికొస్తుంది. హ్యాండిల్ మీద నంబర్, రైఫిల్ నంబర్ ఒకటేనా చూడండి. ఆయుధశాలలో కడిగేటప్పుడు పది బోల్ట్‌లు ఒకే టేబుల్ మీద పెట్టి కలిపేయడం మామూలే, నంబర్ కలవకపోతే బోల్ట్ తలకి, బ్యారెల్‌కి మధ్య సందు సరిగా ఉందో లేదో తెలిసినవాళ్లు గేజ్ పెట్టి చూసేదాకా కాల్చకూడదు.

త్రీ నాట్ త్రీ రౌండ్‌కి పేలే మందు కేసు అడుగున మధ్యలో ఉంటుంది, పిన్ నడిమధ్యన కొడుతుంది. టూ టూలో ఆ మందు అంచు మడతలో చుట్టూ ఉంటుంది, కాబట్టి పిన్ అంచు మీద కొట్టాలి. పాత స్ట్రైకర్ (ట్రిగ్గర్ నొక్కితే ముందుకి దూకే కడ్డీ) ఏమో బోల్ట్ మధ్యలో నడుస్తుంది. దీనికి వాళ్లు చేసింది ఇదీ: పెద్ద స్ట్రైకర్‌ని అలాగే ఉంచి, బోల్ట్ తలలో వేరే చిన్న పిన్ పెట్టారు. వెనక నుంచి స్ట్రైకర్ దాని తోక మీద కొడితే, దాని ముక్కు మధ్యకి పక్కగా బయటికొచ్చి అంచు మీద తగులుతుంది. బోల్ట్ తల ముఖం మీద ఆ కన్నం మధ్యలో లేకుండా పక్కకి జరిగి ఉంటుంది. ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు.

దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చూడాలి. రౌండ్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పాత టూ టూల్లో పిన్ ముక్కు నేరుగా చాంబర్ అంచుకి తగిలి అక్కడ చిన్న గుంట పడొచ్చు. డ్రిల్ పేరుతో రోజుకి వందసార్లు ఖాళీగా నొక్కిన రైఫిళ్లు మన దగ్గర కొల్లలు. టార్చ్ వేసి చాంబర్ అంచు చూడండి, గోటి గాటంత మచ్చ కనిపిస్తే అదే. ఆ గుంట దగ్గర ఇనుము లోపలికి ఉబ్బి ఖాళీ కేసుని పట్టేస్తుంది, కేసు ఊడి రావడానికి బోల్ట్ మీద కొట్టాల్సి వస్తుంది. ఖాళీగా సాధన చేయాలంటే చాంబర్‌లో డమ్మీ పెట్టుకోండి.

ఐదో పని: మ్యాగజైన్

పది రౌండ్ల పెట్టె అలాగే ఉంది కానీ లోపల స్ప్రింగ్ లేదు, రౌండ్లని పైకి తోసే పలక లేదు. ఇది సింగిల్ షాట్. ఒక్కో రౌండ్ వేళ్లతో చాంబర్‌లోకి దూర్చాలి, చలికాలం పొద్దున వేళ్లు కొంకర్లు పోయి ఉంటే అదే పెద్ద టెన్షన్. మరి పెట్టె ఎందుకు ఉంచారంటే రెండు కారణాలు: ఒకటి, చేతికి అందే ఆకారం, బరువు మారకూడదు; రెండు, ఖాళీ కేసులు పడటానికి ఒక బుట్ట కావాలి. త్రీ నాట్ త్రీ కేసు 56 మిల్లీమీటర్ల పొడవు, టూ టూది పదహారు కూడా లేదు. అంత ఖాళీలో చిన్న కేసు పక్కకి ఎగరదు, ఊడి కిందకి రాలిపోతుంది. రౌండ్ల లెక్క అప్పజెప్పాల్సిన ఎన్‌సీసీలో ఇది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు, ఇసుకలో కేసులు ఏరుకునే పని తప్పుతుంది.

సింగిల్ షాట్‌తో సంతృప్తి పడనివాళ్లు కూడా ఉన్నారు. 1918 నమూనా ఒకదానిలో త్రీ నాట్ త్రీ రౌండ్ ఆకారంలో తొడుగులు చేసి, ఒక్కోదానిలో ఒక టూ టూ రౌండ్ పెట్టి మ్యాగజైన్ నింపేవాళ్లు, యుద్ధంలోలాగే బోల్ట్ ఆడిస్తూ కాల్చొచ్చని. ఆలోచన ముచ్చటగానే ఉంది. కానీ ప్రతి తొడుగూ విప్పి, కడిగి, మళ్లీ నింపుతూ కూర్చోవాలి. ఎక్కువ కాలం నిలవలేదు, నాకైతే ఆశ్చర్యం లేదు.

ఆరో పని: ట్రిగ్గర్

రెండు దశలు. మొదటి ప్రెషర్‌కి కొంత దూరం మెత్తగా వస్తుంది, అక్కడ ఆగుతుంది, రెండో ప్రెషర్‌కి విడుస్తుంది. గ్లవ్స్ వేసుకున్న సిపాయి తొందరలో నొక్కేయకుండా చేసిన ఏర్పాటు ఇది, అంటే యుద్ధం కోసం. అయినా గురికీ పనికొస్తుంది: మొదటి ప్రెషర్ తీసేసి ఊపిరి ఆపి రెండోదాని గడప మీద నిలబడొచ్చు.

చూడాల్సింది ట్రిగ్గర్ ఎక్కడ వేలాడుతోందన్నది. ఈ పాత రకంలో అది కింది ట్రిగ్గర్ గార్డ్‌కి పిన్‌తో ఉంటుంది, అది కదిలించే సియర్ (స్ట్రైకర్‌ని ఆపి ఉంచే కొక్కెం) ఏమో పైన ఇనుప ఒంటికి ఉంటుంది, రెండింటి మధ్యా చెక్క. వర్షాకాలంలో చెక్క ఉబ్బితే ఆ దూరం మారుతుంది, దాంతో మొదటి ప్రెషర్, రెండో ప్రెషర్ కూడా మారతాయి. మే నెలలో సరిగ్గా ఉన్న ట్రిగ్గర్ ఆగస్టులో వేరేగా అనిపిస్తే మీ వేలుని తిట్టుకోవద్దు.

ఏడో పని: సైట్లు

ముందు మొన, దానికి రెండు పక్కలా చెవులు. చెవులు దెబ్బ తగలకుండా, అంటే యుద్ధం కోసం. చీకట్లో, కంగారులో చెవినే మొన అనుకుని గురి చూసే కొత్త కేడెట్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బ్యాక్‌సైట్ (మొనని చూసే వెనక గాడి) బ్యారెల్ మీదే, కంటికి చాలా దూరంగా ఉంటుంది. ఇదే ఈ రైఫిల్ అసలు బలహీనత. రెండు సైట్ల మధ్య దూరం సుమారు అర మీటరు. మొన, గాడిలో పదో వంతు మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్ల దగ్గర గుండు 5 మిల్లీమీటర్లు తప్పుతుంది. పాయింట్ టూ టూ బులెట్ చేసే కన్నమే అంత. అదే బ్యాక్‌సైట్‌ని కంటి దగ్గరికి తెచ్చి దూరం 75 సెంటీమీటర్లు చేస్తే తప్పు మూడు, మూడున్నరకి దిగుతుంది.

అందుకే గురి పోటీలకి వెళ్లేవాళ్లు పార్కర్ హేల్ లాంటి కంపెనీల కన్నం సైట్లు ఎడమ పక్కన బిగించుకునేవాళ్లు. చిన్న కన్నంలోంచి చూస్తే కన్ను దానంతటదే మధ్యకి సర్దుకుంటుంది, గాడి, మొన, టార్గెట్ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడాలనే తంటా తగ్గుతుంది. మీ ముందున్న రైఫిల్ ఒంటి ఎడమ గోడకి వెనక వైపు అదనపు స్క్రూ కన్నాలుంటే, దాని పాత జీవితంలో ఎవరో పోటీలకి తీసుకెళ్లారని అర్థం.

ఎనిమిదో పని: చెక్క, స్క్రూలు

చెక్క మూతి దాకా ఉంటుంది. కాలిన బ్యారెల్ చేతికి తగలకుండా, బాయ్‌నెట్ పెట్టుకునేలా. టూ టూ బ్యారెల్ అంతగా వేడెక్కదు, బాయ్‌నెట్ ఎవరూ పెట్టరు, అయినా అన్నీ అలాగే ఉన్నాయి. మూతి దగ్గర చెక్కలో చిన్న స్ప్రింగ్, దాని మీద గుబ్బ ఉండి బ్యారెల్‌ని కింద నుంచి పైకి నొక్కుతుంటాయి. అంటే చెక్క ఎలా ఉంటే బ్యారెల్ అలా వణుకుతుంది. ఇషాపూర్ రైఫిళ్లలో చాలావాటికి మ్యాగజైన్ ముందు చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తుంది, చెక్క చీలకుండా వేసింది. గుర్తుపట్టడానికీ పనికొస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి. ఒక క్యాంపులో నాకిచ్చిన రైఫిల్ అయిదు రౌండ్లని రెండు గుంపులుగా పెట్టేది, మూడు ఇక్కడ, రెండు బెత్తెడు పైన. ఊపిరి బాగోలేదన్నారు, మోచెయ్యి బాగోలేదన్నారు. మూడో రోజు ఒక ముసలి ఉస్తాద్ వచ్చి రైఫిల్ చేతిలోకి తీసుకుని, ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ మీద బొటనవేలు పెట్టి చెక్కని పిసికాడు. ఒంటికి, చెక్కకి మధ్య సన్నగా కిర్రుమంది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ముప్పావు చుట్టు తిప్పాడంతే, ఆ మధ్యాహ్నం అయిదూ ఒక్క రూపాయి బిళ్ల కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. అప్పటి నుంచీ ఏ పాత రైఫిల్ ముట్టుకున్నా ముందు ఆ పిసుకుడు పరీక్షే చేస్తాను. మీరూ చేయండి.

తొమ్మిదో పని: నంబర్ 8తో పోల్చి చూడటం

ఇది దొరకకపోతే ఫొటోలైనా చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, నంబర్ 4 (తర్వాతి తరం లీ ఎన్‌ఫీల్డ్) ఒంటిని తీసుకుని ఇంగ్లండ్‌లోని బి.ఎస్.ఎ., ఫజకర్లీ ఫ్యాక్టరీలు చేశాయి. ఇక్కడ మొదటిసారి గురి గెలిచింది. బాయ్‌నెట్ లేదు, మూతి దాకా చెక్క లేదు, ముందు చెక్క వెడల్పుగా అరచేతిలో ఒదిగేలా, వెనక చేతికి పిస్టల్ పట్టు. మ్యాగజైన్ పెట్టె పూర్తిగా పోయింది, రౌండ్ పెట్టడానికి గాడి ఉంది. కన్నం బ్యాక్‌సైట్ కంటి దగ్గరికొచ్చింది. ట్రిగ్గర్‌ని గార్డ్ నుంచి తీసి ఇనుప ఒంటికే వేలాడదీశారు, ఇక చెక్క ఉబ్బినా వేలికి తెలియదు. అయినా బరువు నాలుగు కిలోల దగ్గరే, బోల్ట్ లీ ఎన్‌ఫీల్డ్ బోల్టే, సిపాయి చెయ్యి మర్చిపోకూడదుగా. బ్రిటన్‌లో కేడెట్లు దీన్ని అరవై ఏళ్లకి పైగా కాల్చారు.

చివరి పని: గ్రూపింగ్

పరిశీలించినదంతా నిజమో కాదో రేంజ్ మీదే తేలుతుంది. పడుకుని, ఇసుక బస్తా ఆనించి, ఒకే చోట గురి పెట్టి అయిదు రౌండ్లు. మధ్యలో సైట్ మార్చకండి, బుల్‌కి (టార్గెట్ నడిమధ్యకి) తగిలిందా లేదా అన్నది అప్పుడే అనవసరం, అయిదూ దగ్గరదగ్గరగా పడ్డాయా అన్నదే కావాలి. రెండు గుంపులైతే స్క్రూలు చూడండి. అడ్డంగా పరుచుకుంటే మొన ఊగుతోందేమో, మూతి అంచు అరిగిందేమో చూడండి. నిలువుగా సాగితే రౌండ్ల మీద కూడా అనుమానపడండి, లేదా మీరే తొందరగా తలెత్తుతున్నారు. బరువైన పాత స్ట్రైకర్ ముందుకి రావడానికి సమయం తీసుకుంటుంది, చిన్న బులెట్ నెమ్మదిగా ఆ పొడవాటి బ్యారెల్ దాటడానికి ఇంకొంత, రెండూ కలిపితే ట్రిగ్గర్ విడిచాక కూడా రైఫిల్ కదలకూడని క్షణం ఒకటి మిగిలి ఉంటుంది. చప్పుడయ్యాక మనసులో ఒకటి, రెండు అనుకునేదాకా చెంప చెక్క మీంచి తీయకండి.

అప్పటికీ సర్దుకోకపోతే రౌండ్ల కంపెనీ మార్చి చూడండి, ఒకే కంపెనీలో కూడా డబ్బా మీద లాట్ నంబర్ (ఏ విడతలో చేశారో చెప్పే నంబర్) మారితే తేడా వస్తుంది. ఒక రైఫిల్‌కి నచ్చిన రౌండ్ పక్క రైఫిల్‌కి నచ్చకపోవచ్చు. నాకు తెలిసిన ఒక స్టార్ రకం రైఫిల్ ఖరీదైన మ్యాచ్ (పోటీ) రౌండ్లని పళ్లెమంత వెడల్పున చెల్లాచెదురు చేసి, అన్నిటికన్నా చవక రౌండ్లని మాత్రం ఒక్క చోట పెట్టేది. ఆ లాట్ నంబర్‌ని బట్ మీద సుద్దముక్కతో రాసి పెట్టుకునేవాళ్లం.